నేను దొంగిలించిన పుట్టినరోజు

బైబిలు మొత్తంలో ఇది పుట్టినరోజు విందు అని పేరు పెట్టి చెప్పినవి రెండే. మొదటిది ఐగుప్తు రాజు ఫరోది. ఆ రోజు ఆయన తన రొట్టెలు కాల్చేవాళ్ళ పెద్దను వేలాడదీయించాడు. రెండోది హేరోదుది. ఆ విందులోకి బాప్తిస్మమిచ్చే యోహాను తల పళ్ళెంలో వచ్చింది. తాము పుట్టిన రోజు గురించి గట్టిగా మాట్లాడిన భక్తులు కూడా ఇద్దరే, యోబు, యిర్మీయా. ఇద్దరూ ఆ రోజును శపించారు. మా అమ్మ సండే స్కూలు టీచరు. మాకు గుంటూరు దగ్గర చిన్న ఇల్లు. పుట్టినరోజు చెయ్యమని నేను ఏడ్చినప్పుడల్లా ఈ నలుగురి సంగతీ చెప్పి, పోయి చదువుకోమనేది. అలా పెరిగిన నేను సౌదీ అరేబియాలో మూడేళ్ళపాటు ఏటా కేకు కోశాను. ఆ పుట్టినరోజు నాది కాదు. ఇంకొకరిది తెచ్చి నాదని చెప్పుకున్నాను.

నేను నర్సుని. ఇరవై ఆరో ఏట ధహ్రాన్ పక్కనే ఖోబర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. ఆడవాళ్ళ సర్జికల్ వార్డు. శుక్రవారం సెలవైతే, ధహ్రాన్‌లో ఒక కంపెనీ ఇంజనీరుగారి ఇంట్లో జరిగే తెలుగు ప్రార్థన కూడికకు వెళ్ళేదాన్ని. విదేశీ ఉద్యోగులుండే కాంపౌండ్ గోడల లోపల విల్లా ఆయనది. కిటికీలకు దళసరి తెరలు వేసుకుని, పాటలు గొంతులోనే పాడుకుంటూ, పదిహేను మందిమి కార్పెట్ మీద కూర్చునేవాళ్ళం. బైబిలును ఉతికిన యూనిఫాంలో చుట్టి సంచి అడుగున పెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. ఆ దేశంలో మా ఆరాధన గుమ్మం దాటి వినిపించకూడదు.

ఇంజనీరుగారే మా పెద్ద. తెల్లటి చొక్కా, మడత నలగని ప్యాంటు. ప్రార్థన మొదలుపెడితే ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఆ ప్రార్థనలో దేవుడికి తెలియని విషయాలు చాలా ఉన్నట్టుండేది. ఫలానా సహోదరుడికి ప్రమోషన్ ఎందుకు రాలేదో, ఫలానా సహోదరి ఏ తప్పు చేసి కాలు బెణికించుకుందో అన్నీ దేవుడికి వివరించేవాడు. నాకు ఆయనంటే మొదటినుంచీ చులకనే. అయినా వెళ్ళేదాన్ని. పరాయి దేశంలో తెలుగులో ఆమెన్ అనేవాళ్ళు దొరకడం చిన్న సంగతి కాదు. పైగా వాళ్ళావిడ చేసే పులిహోర బాగుండేది.

1990 చివరికల్లా గల్ఫులో యుద్ధం వస్తుందని అందరికీ తెలిసిపోయింది. ఊరంతా అమెరికా సైనికులు. దుకాణాల్లో ప్యాకింగ్ టేపు దొరకడం మానేసింది, ఎందుకంటే విషవాయువు బాంబుల భయంతో అందరూ కిటికీలకు ప్లాస్టిక్ షీట్లు అంటించుకుంటున్నారు. ఒక శుక్రవారం పెద్దాయన దేవుని రెక్కల చాటున దాగినవాడికి భయం లేదని గంటన్నర బోధించాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు, కొందరికి కళ్ళు చెమర్చాయి. తర్వాతి శుక్రవారం మేం వెళ్ళేసరికి విల్లాకు తాళం. తల్లికి ఒంట్లో బాగాలేదని వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వేయించుకుని కుటుంబంతో సహా బొంబాయి విమానం ఎక్కేశాడని పక్కింటివాళ్ళు చెప్పారు. మాలో ఒక్కరికీ ఫోను చెయ్యలేదు.

భయపడి పారిపోయిన మనిషిని నేను తప్పు పట్టను. నాకూ వీలుంటే పోయేదాన్నే. ఆస్పత్రి మా పాస్‌పోర్టులు లోపల పెట్టుకుని, సెలవులన్నీ రద్దు చేసింది కాబట్టి ఉండిపోయాను. ఉండిపోవడంలో నా గొప్పేమీ లేదు.

మా వార్డులో తుడిచే పని చేసే ఒకావిడ ఉండేది. కడప జిల్లా మనిషి, నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదే అయినా నన్ను అక్కా అనేది. నర్సులందరినీ అలాగే పిలిచేది. ముగ్గురు పిల్లల్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. చదువు రాదు. మా ఇద్దరి డ్యూటీ కలిసిన రోజుల్లో దుప్పట్లు సర్దే గదిలో కూర్చుని నా చేత సువార్తలు చదివించుకునేది. వాళ్ళ ఊళ్ళో చిన్న చర్చి ఉందట, ఎప్పుడైనా పోయి వెనకాల నిలబడేదట. అంతకుమించి తనకేమీ తెలియదనేది. చదువుతుంటే మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగేది. మనిషి తిరిగి జన్మించాలని యేసు అన్నప్పుడు, రాత్రిపూట ఆయన దగ్గరికి వచ్చిన పెద్దమనిషి, ముసలివాడు మళ్ళీ తల్లి కడుపులోకి ఎలా పోతాడని అడిగిన చోట చాలాసేపు నవ్వింది. మొగోడు గదా, అట్లనే అడుగుతాడు అంది.

గ్యాస్ మాస్కులు మాకు, డాక్టర్లకు ఇచ్చారు. తుడిచేవాళ్ళు కాంట్రాక్టు కంపెనీ మనుషులు, వాళ్ళ సంగతి కంపెనీ చూసుకుంటుందన్నారు. కంపెనీ ఏమీ చూసుకోలేదు.

మొదటిసారి సైరన్ మోగినప్పుడు అప్పుడే చీకటి పడింది, పేషెంట్లకు రాత్రి భోజనం ట్రేలు వచ్చాయి. నడవగలిగినవాళ్ళను బేస్‌మెంటుకు దించేశాం. చివరి మంచం మీద ఎడారి తెగకు చెందిన ఒక బదూ ముసలమ్మ ఉంది. తుంటి విరిగి, కాలికి బరువులు వేలాడదీసి ఉన్నాయి. ఆమెను కదపడానికి లేదు. ఎవరో ఒకరు ఉండాలి. డ్యూటీ నర్సుని నేనే.

"నువ్వు పో అక్కా," అంది కడపావిడ. "ఈయమ్మను యాడికి తీసకపోతాం? నేనుంటా."

నేను వెళ్ళాను. బేస్‌మెంటు దాకా కూడా పోలేదు. కారిడార్ చివర స్టాఫ్ బాత్‌రూంలో దూరి, తలుపు కింద తడి టవలు కుక్కి, మాస్కు బిగించుకుని కమోడు మూత మీద కూర్చున్నాను. లోపలంతా రబ్బరు వాసన. దేవుడు గుర్తు రాలేదు. అమ్మ కూడా గుర్తు రాలేదు. మాస్కు ఫిల్టరు సరిగ్గా బిగిసిందా లేదా అన్నదొక్కటే నా మనసులో ఉంది. దూరంగా ఎక్కడో పేలిన చప్పుడుకు అద్దం అదిరింది. అరగంటకు క్షేమమని సైరన్ మోగాక వార్డుకు వచ్చాను. కడపావిడ నేల మీద కూర్చుని ఉంది. ముసలమ్మ ముక్కు మీద తడిగుడ్డ కప్పి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. తన ముఖానికి ఏమీ లేదు. ముసలమ్మ ఆమెను బింతీ, బింతీ అంటోంది, నా కూతురా అని. నేను మాస్కు తీసి పెట్టెలో పెట్టి, బీపీ చూశాను. ఆ సంగతి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

యుద్ధం ముగిసి, చమురు బావుల పొగకు ఆకాశం ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో పెద్దాయన తిరిగొచ్చాడు. ఊరికే రాలేదు, సాక్ష్యంతో వచ్చాడు. బొంబాయి విమానాశ్రయంలో కస్టమ్స్ వరుసలో నిలబడి ఉండగా ఆత్మ తన మీదికి దిగిందనీ, అప్పటిదాకా తాను పేరుకే క్రైస్తవుణ్ణనీ, ఆ రోజు ఫలానా గంటకు తిరిగి జన్మించాననీ చెప్పాడు. మేం కిటికీలకు టేపులు అంటించుకుంటున్న రోజుల్లో దేవుడు బొంబాయిలో ఆయన సామాను దగ్గర నిలబడి ఉన్నాడన్నమాట. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అప్పటినుంచి కూడికలో ఒక పుస్తకం మొదలైంది. ఆకుపచ్చ అట్ట, పొడుగాటి పుస్తకం. మొదటి గడిలో పేరు, రెండో గడిలో శరీరరీతిగా పుట్టిన తేదీ, మూడో గడిలో ఆత్మరీతిగా పుట్టిన తేదీ, గంట. ప్రతివాళ్ళూ నింపాలి. తేదీ చెప్పలేనివాళ్ళు ఇంకా పుట్టలేదని లెక్క. పుట్టనివాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టెలో, భాగం లేదు. ఆ తేదీ వచ్చిన వారం కేకు కొయ్యాలి, సాక్ష్యం చెప్పాలి.

ఫరో సంగతి, హేరోదు సంగతి నేను ఎత్తాను. ఆయన నవ్వి, అవి శరీర సంబంధమైన పుట్టినరోజులు సిస్టర్, మనవి ఆత్మ సంబంధమైనవి అన్నాడు. ఆత్మవల్ల పుట్టడం గాలి లాంటిదని, అది ఎటునుంచి వస్తుందో ఎటు పోతుందో తెలియదని కదా ప్రభువు ఆ రాత్రి ఆ పెద్దమనిషికి చెప్పింది, దానికి గంటా నిమిషం ఎక్కడివి అని అడగాలనుకున్నాను. అడగలేదు. పుస్తకం నా ఒళ్ళో ఉంది. నా ముందు పన్నెండు మంది తేదీలు రాసేశారు. ఒక అకౌంటెంటుగారు తన పెళ్ళిరోజే రాసేసుకున్నారు, రెండూ ఒకేసారి గుర్తుంటాయని. నేను సైరన్ మోగిన సాయంత్రం రాశాను.

సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. అందరూ కిందికి పరిగెత్తారని, కదల్లేని ముసలమ్మ దగ్గర నేనుండిపోయానని, మాస్కు లేకుండా ఆమె చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చున్నానని, అప్పుడు దేవుడు నన్ను ముట్టాడని చెప్పాను. నోరు తడబడలేదు. పెద్దాయన భార్య ఏడ్చింది. ఆ క్షణంలో నన్ను చూసి నాకు అసహ్యం వేసిందని రాస్తే బాగుంటుంది కానీ, నిజం చెప్పాలంటే చాలా హాయిగా అనిపించింది.

కేకులు ఖోబర్‌లో ఒక బెంగాలీ కుర్రాడు నడిపే బేకరీ నుంచి వచ్చేవి. రక్షణ దినమని రాయించలేం కనుక ఉత్త హ్యాపీ బర్త్‌డే. తిరిగి జన్మించి ఏడాదైన మనిషికి ఒకే కొవ్వొత్తి పెట్టాలి. అందుకని కేకు తెచ్చేటప్పుడల్లా ఆ బెంగాలీ హిందీలో, మీ వాళ్ళింట్లో ఎంతమంది పసిపిల్లలున్నారని ఆశ్చర్యపోయేవాడట. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, బట్టతల, పొట్ట, తెరలు దించిన గదిలో ఒంటి కొవ్వొత్తి ముందు వంగి ఊదుతుంటే మేం గొంతు తగ్గించి చప్పట్లు కొట్టేవాళ్ళం. పరలోకంలో సంతోషమంటే ఇదేనని పెద్దాయన చెప్పేవాడు. అదే నిజమైతే నేను అక్కడికి వెళ్ళడం గురించి కొంచెం ఆలోచించుకోవాలి.

రెండో ఏడు నా సాక్ష్యం పెరిగింది. ముసలమ్మ చివరికి యేసు పేరు పలికిందని కూడా చెప్పాను.

ఈలోగా కడపావిడ తననూ కూడికకు తీసుకుపొమ్మని అడుగుతూనే ఉంది. కార్లో చోటు లేదని ఒకసారి, కాంపౌండ్ గేటులో పాసు ఇవ్వరని ఒకసారి, పెద్దాయనకు కొత్తవాళ్ళంటే భయమని ఒకసారి చెప్పాను. సరే అక్కా అనేది. దుప్పట్ల గదిలో చదవడం మాత్రం మానలేదు. మూడో ఏడు జనవరిలో ఒక శుక్రవారం ఆమె తనంతట తానే మమ్మల్ని కూడికకు తీసుకెళ్ళే కారు ఆగే చోటికి వచ్చి నిలబడింది. వెనక సీట్లో చోటుంది. డ్రైవరు సీట్లో ఉన్న సహోదరుడు రండమ్మా అన్నాడు. నేనేం అనగలను?

నా తేదీ తర్వాతి వారం కదా, ఇవాళ ఫరవాలేదనుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్ళేసరికి బల్ల మీద కేకు, దాని మీద మూడు కొవ్వొత్తులు. వచ్చే వారం పెద్దాయనకు రియాద్‌లో పని ఉందట, అందుకని ముందే పెట్టేశారట.

సాక్ష్యం చెప్పమన్నారు. ఒంట్లో బాగాలేదన్నాను. పెద్దాయన ఊరుకోలేదు. మీరు చెప్పలేకపోతే నేనే చెబుతానని మొదలుపెట్టి, నాకన్నా బాగా చెప్పాడు. ముసలమ్మ, కాలికి కట్టిన బరువులు, తడిగుడ్డ, నేల మీద కూర్చోవడం. కడపావిడ గోడకు ఆనుకుని కూర్చుని ఆయన ముఖమే చూస్తూ వింది. నా వైపు తిరగలేదు. తర్వాత కేకు కోయించి, నాకు ముక్క తినిపించి, ఆయన రొట్టె పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. కొత్తగా వచ్చిన సహోదరి దగ్గర ఆగాడు.

"మీరు ఎప్పుడు తిరిగి జన్మించారు సిస్టర్?"

"తెలీదు సార్."

తేదీ గుర్తు లేకపోతే నెల చెప్పమన్నాడు. నెల తెలియకపోతే ఏ కూడికలోనో, ఎవరి బోధ విన్నప్పుడో చెప్పమన్నాడు. ఆమె ఆలోచించింది.

"నేను అమ్మ కడుపున పుట్టిన దినమే నాకు తెలీదు సార్. పాస్‌పోర్టులో ఉండేది ఏజెంటు రాసినాడు. పుట్టినోళ్ళకు యాడ తెలుస్తాది? నేను ముగ్గుర్ని కన్న్యా. ఏ బిడ్డకూ తెలీదు తాను ఎప్పుడు బయటపడిందీ. కన్నామెకు తెలుస్తాది. నా సంగతి దేవునికి తెలిసుంటాది, ఆయప్పను అడగండి."

నేను చిన్నప్పటినుంచి విన్న ప్రసంగాలన్నింటిలోనూ, మళ్ళీ పుట్టడం గురించి ఇంత తిన్నగా చెప్పినవాళ్ళు లేరు. పుట్టడమనేది పుట్టేవాళ్ళు చేసే పని కాదు. ఇంత చిన్న సంగతి ఆ పొడుగాటి పుస్తకంలో ఏ గడిలోనూ పట్టలేదు. పెద్దాయన మాత్రం దయగా నవ్వి, అనుభవం లేనివాళ్ళు తొందరపడకూడదని చెప్పి, పళ్ళెం ఆమె తల మీదుగా పక్కావిడకు అందించాడు.

అప్పుడు లేచాను. ధైర్యంతో కాదు, ఒళ్ళు మండి లేచాను.

"ఆ సాక్ష్యం నాది కాదు. ఆ రోజు ముసలమ్మ దగ్గర కూర్చున్నది ఈవిడ. నేను బాత్‌రూంలో దాక్కున్నాను."

పెద్దాయన పళ్ళెం వైపు చూశాడు, నా వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. ఆ మనిషి ఏం మాట్లాడతాడోనని అందరం ఎదురుచూశాం. మందలిస్తాడేమో, ప్రార్థన చేద్దామంటాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఇదీ:

"అయితే సిస్టర్, ఆ తేదీ కొట్టెయ్యాలా, లేకపోతే ఈమె పేరు మీదికి మార్చాలా?"

నేను చెప్పులు వేసుకుని, బురఖాలాంటి నల్ల అబాయా కప్పుకుని బయటికి వచ్చేశాను. కడపావిడ నా వెనకే వచ్చింది. వెనక ఎవరో కేకు మిగిలిపోయింది తీసుకోండని అంటున్నారు.

కాంపౌండ్ గేటు బయట టాక్సీ కోసం ఎండలో నిలబడ్డాం. నన్ను క్షమించమని అడిగాను. ఫరవాలేదంటుందని అనుకున్నాను, మంచివాళ్ళు అలాగే అంటారు కదా.

"నా పని నీదని చెప్పుకున్న్యావని కాదక్కా," అంది రోడ్డు వైపే చూస్తూ. "నేను కూచునింది పదిమందికి చెప్పుకోనీకి కాదు. మూడేండ్లు నన్ను రావద్దంటాంటివే, ఇందుకని నాకు తెలీకపాయ. కసువు ఊడ్చేదాన్ని, మీ మధ్య కూచోనీకి తగననుకుంటాంటి. దేవుని ముందర గూడా తగనేమో అనుకుంటాంటి."

పెద్దాయన పళ్ళెం ఆమె తల మీదుగా దాటించింది ఒక్కసారి. నేను మూడేళ్ళు దాటించాను. ఆయన్ని చూసి ముఖం చిట్లించుకున్న నేను, ఆయన కన్నా ఏ విధంగానూ మేలైన మనిషిని కాదని ఆ ఎండలో తెలిసింది.

రెండు నెలలు ఆమె నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది. సిస్టర్ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది. దుప్పట్ల గదికి నేనొక్కదాన్నే వెళ్ళి కూర్చుని లేచి వచ్చేదాన్ని. బతిమాలడానికి వెళ్ళలేదు. బతిమాలితే అది కూడా నా సాక్ష్యంలోకే చేరుతుందని భయమేసింది.

ఆ ఏడాదే, వేసవి రాకముందు, ఇంకో కాంపౌండులో ఎవరి ప్రార్థన కూడిక మీదికో మతపోలీసులు వచ్చారని పుకారు పుట్టింది. నిజమో కాదో ఎవరికీ తెలియదు. పెద్దాయనకు అంత చాలు. ఆకుపచ్చ పుస్తకాన్ని చింపి, ముక్కలు ముక్కలు చేసి, టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదిలాడు. దళసరి కాగితం, పోలేదు. మర్నాటికి ఇల్లంతా కంపు, బాత్‌రూం నిండి హాల్లోకి నీళ్ళు వచ్చాయి. కాంపౌండు ప్లంబరు పాకిస్తానీ ముసలాయన వచ్చి, ఇనుపతీగ పెట్టి లాగితే ఇంత ముద్ద బయటికొచ్చింది. ఇదేమిటని ఆయన అడిగితే పిల్లల హోంవర్కని చెప్పాడట పెద్దాయన. పదిహేను మంది తిరిగి జన్మించిన గంటలూ నిమిషాలూ ప్లంబరు బకెట్లో పోయాయి. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పింది పెద్దాయన భార్యే. చెబుతూ చెబుతూ నవ్వింది, తర్వాత ఏడ్చింది. పెళ్ళయినప్పటినుంచి ఆయన ప్రార్థనలు వింటున్న మనిషి ఆమె.

ఆ సాయంత్రమే పెద్దాయనా ఫోను చేశాడు. తన పేరు, నంబరు నా దగ్గర ఎక్కడైనా రాసి ఉంటే చింపెయ్యమని, ఎవరైనా అడిగితే తాను నాకు తెలియదని చెప్పమని. చెబుతానన్నాను. అది అబద్ధం కూడా కాదు. కూడిక అక్కడితో ఆగిపోయింది. కొన్ని నెలలకు ఆయన ఉద్యోగం వదిలి ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద వెళ్ళిపోయాడు. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద సంఘం నడుపుతున్నాడని విన్నాను. గల్ఫు యుద్ధంలో తాను పడిన శ్రమల గురించి బాగా చెబుతాడట.

నేను దుప్పట్ల గదిలో ఒక్కదాన్నే కూర్చున్న ఒక మధ్యాహ్నం కడపావిడ తలుపు తోసుకుని వచ్చి, ఉతికిన దుప్పట్ల కట్ట దించి, దాని మీదే కూర్చుంది. అక్కా అనలేదు, సిస్టర్ అనీ అనలేదు.

"నువ్వు చదివేది నేను వినేది వద్దు," అంది. "నాకు అచ్చరాలు నేర్పు. ఎవురు ఏం చెప్పినా నేనే చూసుకుంటా."

నేర్పాను. మందుల అట్టపెట్టెలు చించి, వాటి వెనక అ ఆలు రాశాం. ఒత్తుల దగ్గర విసుక్కునేది, ఇన్ని కొమ్ములు ఎందుకని నన్నే తిట్టేది. నాకు ఆ తిట్లు బాగుండేవి. ఏడాదిన్నరకు యోహాను సువార్త వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేది. తల్లి కడుపులోకి మళ్ళీ ఎలా పోతాడన్న చోట మొదటిసారిలాగే నవ్వింది. మధ్యలో ఎప్పుడో మళ్ళీ అక్కా అనడం మొదలైంది. ఎప్పుడో నేను గమనించలేదు.

ఆమె కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయే రోజు ధహ్రాన్ విమానాశ్రయానికి వెళ్ళాను. రెండు దుప్పట్లు, ఒక టేప్ రికార్డరు, పిల్లలకు పాలపొడి డబ్బాలు. నేను యూనిఫాంలో చుట్టి తెచ్చిన నా బైబిలును ఆమె చేతిలో పెట్టాను. విప్పి, ఒక పేజీ తెరిచి, కళ్ళు చికిలించి చూసి, మళ్ళీ చుట్టి నాకే ఇచ్చేసింది.

"అచ్చరాలు మరీ సన్నం అక్కా. కడపలో పెద్దచ్చరాలది కొనుక్కుంటాలే," అని, ట్రాలీ తోసుకుంటూ వరుసలో పోయి నిలబడింది.